రికార్డులో లేని బాబాయి

మా బాబాయి బాస్ గిటారు మోత పడలేకే ఆ పాటల బృందం చెదిరిపోయిందనీ, తన వాద్యమే అందరికీ వినపడాలన్న పంతంతో ఆయన బంగారంలాంటి గాయకుడి భవిష్యత్తు పాడుచేశాడనీ తెనాలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ కథ పుట్టించింది ఆ బంగారంలాంటి గాయకుడే, శివరావు గారు. ఎక్కడ సన్మానం జరిగినా, కప్పిన శాలువా భుజం మీద ఇంకా సర్దుకోకముందే మొదలుపెడతారు: "మా బృందంలో కోటేశ్వరరావని ఒక బాస్ గిటారు ఆయన ఉండేవాడండీ..." జనం నవ్వుతారు. నేనూ ముందు వరసలో కూర్చుని విన్నాను. ఒకసారి లేచి నిలబడి "అది అబద్ధం" అన్నాను. నిర్వాహకులు పరుగున వచ్చి నాకు మంచినీళ్ళు ఇచ్చారు. ఆడది సభలో లేచి నిలబడితే దాహం వేసి ఉంటుందని మనవాళ్ళ అభిప్రాయం.

అదే శివరావు గారు పోయిన నెల తెనాలిలో మా ఇంటికి వచ్చారు, చేతిలో ఒక సీడీతో. ఆ రోజు ఆయన చెప్పిన ఒక్క మాట అప్పటినుంచీ నన్ను తినేస్తోంది. ఆ మాట ఏమిటో చెప్పాలంటే ముందు మా ఇల్లు, ఆ గిటారు, ఆ రోజుల్లో పాట వినే పద్ధతి చెప్పాలి. లేకపోతే మీరు కూడా నాకు మంచినీళ్ళు ఇస్తారు.

బాస్ గిటారంటే తెలియని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మామూలు గిటారుకు ఆరు సన్నతీగలుంటే దీనికి నాలుగు లావు తీగలు. పాట పైన ఎగురుతుంటే ఇది కింద నడుస్తుంటుంది. విడిగా వింటే ఎవరో పక్కగదిలో బరువైన పెట్టెలు జరుపుతున్నట్టు ఉంటుంది. మా నాన్నకు ఆఖరి తమ్ముడైన కోటేశ్వరరావు బాబాయికి అది బెజవాడలో దొరికింది. రైల్వేవాళ్ళ డాన్సు హాల్లో వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ వదిలించుకున్నది. తెనాలిలో రేడియోలు బాగుచేసే ఆయన పాత వాల్వు సెట్లు విప్పి ఆంప్లిఫయర్ కట్టాడు. స్పీకరుకు వేపచెక్క పెట్టె మా వడ్రంగి చేశాడు. మంచంకోళ్ళు చేసే చెయ్యి కాబట్టి అది మంచమంత బరువొచ్చింది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ కదిలేది కాదు. అందుకని కచేరీలకు బండెక్కించినప్పుడు తప్ప నడవలోనే ఒక మూల ఉండేది. దానిమీద అమ్మ పగలు అప్పడాలు ఆరబెట్టేది.

మా నడవకు ఒక వాసన ఉండేది. పెరట్లో దాలిలో పిడకల మీద పొద్దుటినుంచీ కాగే పాలు, కొల్లూరు లంకల నుంచి వచ్చి చీకటిగదిలో మాగుతున్న అరటిగెల, బాబాయి ఆంప్లిఫయర్ వేడెక్కినప్పుడు వచ్చే కాలిన దుమ్ము వాసన. ఆ మూడూ కలిస్తే మధ్యాహ్నం రెండో ఝాము అయినట్టు. భోజనాలయ్యాక నాయనమ్మ చాప పరుచుకుని గచ్చుమీద పడుకునేది. ఆమెకు అప్పటికే చెవులు పోయాయి. కోడలు పిలిస్తే వినపడేది కాదు, కొడుకు పిలిస్తే వినపడేది కాదు. పెట్టె మోగితే మాత్రం కళ్ళు తెరిచేది.

"ఒరేయ్ కోటీ, ఏంట్రా ఇయ్యాళ అంత కోపంగా వాయిస్తన్నావు?"

"అత్తయ్యా, మీకు వినపడిందా?" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది, కొంత ఆశ్చర్యం, కొంత అనుమానం కలిపి.

"వినపడటం దేనికే, నడుముకి తెలుస్తంటే!"

వంటింట్లో అమ్మ బాధ వేరు. బాబాయి తీగమీద ఒక మెట్టు దగ్గరికి రాగానే అటకమీద ఉన్న ఇత్తడి చెంబు ఒక్కటే గిలగిలా కొట్టుకునేది. దాన్ని పక్కకు జరిపితే ఇంకో మెట్టుకు కంచాలు మొదలయ్యేవి. "ఏవయ్యా మరిదీ, నీ ఒక్కడి గిటారుకీ నా సామానంతా తాళం వెయ్యాలా?" అనేది. బాబాయి నవ్వేవాడు కాదు. ఆయనకు హాస్యం తక్కువ, పొగరు ఎక్కువ. "మీ సామానుకున్న జ్ఞానం మా శివరావుకి లేదొదినా" అనేవాడు. అంతటి నోరు ఆయనది. నా నోరు ఎక్కడినుంచి వచ్చిందని మా ఇంట్లో ఎవరూ వెతకనక్కర్లేదు.

ఇప్పుడు ఆ రోజుల్లో పాట వినే పద్ధతి గురించి. మైకు సెట్టు మంచిదా కాదా అని తేల్చడానికి పెళ్ళివారి దగ్గర ఒకే ఒక్క కొలత ఉండేది: ఎంత దూరం వినపడుతుంది? గొట్టం స్పీకర్లు కొబ్బరిచెట్టు మొవ్వు దాకా ఎక్కించి కట్టేవారు. ఒకటి ఊరి వైపు, ఒకటి రోడ్డు వైపు. ఇంకొకటుంటే తమకు మాటల్లేని చుట్టాల ఇంటివైపు. పందిట్లో కూర్చున్నవాళ్ళకు ఎలా వినపడుతుందో ఎవరికీ పట్టేది కాదు, వాళ్ళెలాగూ భోజనానికి వచ్చినవాళ్ళే. అయితే ఆ గొట్టానికి ఒక గుణముంది. సన్నటి గొంతును ఎంత దూరమైనా తీసుకెళ్తుంది, లావు శబ్దాన్ని నోట్లోనే మింగేస్తుంది. బాబాయి బాస్ వినాలంటే ఆ వేపచెక్క పెట్టె దగ్గర కూర్చోవాలి. చెట్టుమీది గొట్టంలో ఆయన లేడు.

రేపల్లెలో మా అమ్మ తరఫు చుట్టాల పెళ్ళి. సాయంత్రం పూట బృందం పాటలు. పెళ్ళికూతురి తండ్రి పద్ధతైన మనిషి. మైకు సెట్టు పరీక్షించడానికి తన పాలేరును రైల్వే స్టేషను దగ్గరికి పంపాడు, వెళ్ళి విని రమ్మని. అతను విని, సైకిలు మీద తిరిగొచ్చి, అందరి ముందూ చెప్పాడు.

"పాట ఇనపడతందండీ. డ్రమ్ము ఇనపడతందండీ. ఆ చిన్న గిటారు కూడా సన్నంగా తెలుస్తంది. ఆ పెద్ద గిటారాయన మాత్రం ఊరికే కూర్చున్నాడండీ."

పెళ్ళికూతురి తండ్రి స్టేజీ వైపు చూశాడు. "వినపడనాయన అక్కడెందుకయ్యా? ఆ కుర్చీ ఇటివ్వండి, పెళ్ళికొడుకు మేనమామ గారు నిలబడే ఉన్నారు."

"మీరు స్టేషన్లో కూర్చుని వింటారా పెళ్ళి?" అన్నాడు బాబాయి.

"ఏంటీ?"

"ఇక్కడికొచ్చి నా పక్కన నిలబడండి. అప్పుడు చెప్పండి ఊరికే కూర్చున్నానో లేదో."

గొడవ ముదిరేటట్టుంటే శివరావు గారు మధ్యలోకి వచ్చారు. ఇది నేను కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను, ఎన్ని శాలువాలు కప్పినా ఈ మాట మారదు. "పోనీలే కోటీ, పెద్దాయన మాట. ఈ ఒక్క పాటకీ నువ్వు ఆగు, పోయేదేముంది?" అన్నారు. బాబాయి గిటారు ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చున్నాడు. కుర్చీ మాత్రం ఇవ్వలేదు. పాట మొదలైంది. పల్లవి బాగానే గడిచింది. మొదటి చరణంలో డ్రమ్ములాయన కొంచెం పరుగెత్తాడు, చిన్న గిటారు అతని వెంట పోయింది. వెనక్కి పట్టే మనిషి లేడు. రెండో చరణానికి శివరావు గారి గొంతు శ్రుతి మీద నిలబడలేక జారడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు బాబాయిని వెతికాయి. బాబాయి పందిరి మామిడాకులు చూస్తున్నాడు. పాట ఎలాగో ఒడ్డున పడింది. జనానికేమీ తెలియలేదు, గాయకుడికి గొంతు నొప్పి అనుకుని పాలలో మిరియాలు వేసి తెచ్చిచ్చారు. దీనినే శివరావు గారు సభల్లో "వెన్నుపోటు" అంటారు. ఆగమన్నది మీరే కదండీ! మనిషిని కూర్చోమని, కూర్చున్నాడని ఏడవడం ఏం న్యాయం?

అలాగని బాబాయిని నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. రేపల్లె తర్వాత ఆయనకు మరో పిచ్చి పట్టింది. బాపట్లలో డ్రమ్ములాయన ఇంట్లో ఆదివారాలు సాధన జరిగేది. అప్పుడు నేను బాపట్లలోనే చదువుతున్నాను, హాస్టల్ నుంచి వెళ్ళి వినేదాన్ని. బాబాయి వాల్యూము మర ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పేసేవాడు. గోడ సున్నం రాలేది.

"బాబాయ్, మరీ ఎక్కువైంది. పాట మాటలు వినపట్టం లేదు."

"మాటలేగా, పుస్తకంలో చదూకో."

"పుస్తకం చదవటానికైతే ఇంత దూరం దేనికి వస్తాను?"

"నువ్వు కాలేజీలో చేరింది నాతో వాదించటానికా?"

అవును, అందుకే చేరాను. ఆ ఊళ్ళో కాలేజీ కుర్రాళ్ళ దగ్గర ఇంగ్లీషు రికార్డులుండేవి. వాటికోసం బాబాయి హాస్టళ్ళ చుట్టూ తిరిగేవాడు. స్పీకరుకు చెవి ఆనించి బాస్ ఎక్కడుందో వెతికేవాడు. పాతవాటిలో తడుముకోవాల్సి వచ్చేది. కొత్తవి వచ్చేకొద్దీ అది ముందుకు వచ్చి, గొంతు పక్కన నిలబడి తన మాట తను చెప్పుకుంటోంది. "చూశావా? అక్కడివాళ్ళకు బుద్ధొచ్చింది" అనేవాడు. కొన్నిట్లో మరీ ముందుకొచ్చి పాటను మింగేస్తోందని నేననేదాన్ని. మా ఇద్దరికీ పడేది కాదు. ఆయన లెక్కలో బాస్ చెవికి వినపడాలి. నా లెక్కలో నాయనమ్మకు తెలిసినట్టు నడుముకు తెలిస్తే చాలు, చెవికి అడ్డం రాకూడదు. ఆ లెక్క ఇవాళ్టికీ మార్చుకోలేదు.

ఒక ఆదివారం అందరం సూర్యలంక వెళ్ళాం. అలివి వల లాగుతున్నారు. వరసగా పదిమంది తాడు పట్టుకుని, మడమలు ఇసకలో దించి వెనక్కి నడుస్తున్నారు. తోక చివర ఒకాయన తాడు నడుముకు చుట్టుకుని ఉన్నాడు. బాబాయి నన్ను మోచేత్తో పొడిచి, "ముందున్నవాళ్ళే కనపడతారు. ఆ చివరాయన వదిలితే తెలుస్తది వీళ్ళ సంగతి" అన్నాడు, వాళ్ళకు వినపడేలాగే. ఆ చివరాయన తల తిప్పకుండానే, "ఎవుడొదిలినా అంతే బాబూ. మజ్జినోడొదిల్తే సేపలన్నీ ఆడి కాడే పోతాయి. వచ్చి ఓ పట్టు పట్టరాదా, మాటలెందుకు?" అన్నాడు. బాబాయి పాంటు మడిచి తాడు పట్టాడు. నిలబడలేక ఇసకలో కూలబడ్డాడు. ఆ రోజు తిరుగు దారంతా ఆయన వేళ్ళు మోకాలి మీద ఏదో వాయిస్తూనే ఉన్నాయి. లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. వారం తిరిగేసరికి అది ఒక నడకయింది. దాని మీద శివరావు గారు రాగం కట్టారు, మాటలు రాశారు. పాట ముందు పుట్టి బాస్ తర్వాత రావడం లోకరీతి. ఇక్కడ బాస్ ముందు పుట్టింది. ఈ సంగతి శివరావు గారు ఏ సభలోనూ చెప్పలేదు.

ఆ పాటను మద్రాసులో ఒక రికార్డు కంపెనీ ఒప్పుకుంది. చిన్న ప్లేటు, అటొక పాట, ఇటొక పాట. బృందమంతా రైలెక్కింది. మా ఇంట్లో అది పెళ్ళిప్రయాణంలా జరిగింది. అమ్మ సున్నుండలు కట్టింది. బాబాయి పెట్టెను గోనెసంచుల్లో చుట్టి బ్రేకువ్యానులో వేయించారు. అది పసిబిడ్డ అయినట్టు బాబాయి ప్రతి స్టేషనులో దిగి చూసుకున్నాడట. వెళ్ళేటప్పుడు నాతో, "ఇప్పుడు ఏ స్టేషను దగ్గర నిలబడి విన్నా ఉంటాను చూడు" అన్నాడు. తిరిగొచ్చాక, ఎలా జరిగిందంటే "అయింది" అన్నాడు, అంతే.

కొన్నాళ్ళకు ప్లేటు వచ్చింది. నాన్న స్నేహితుడి ఇంటినుంచి రికార్డు ప్లేయరు తెచ్చి, నడవలో ఆ వేపచెక్క పెట్టె మీదే పెట్టారు. అప్పడాలు తీసేశారు. ఇరుగుపొరుగు వచ్చారు. ముల్లు దించగానే శివరావు గారి గొంతు వచ్చింది. తేటగా, అద్దంలా. డ్రమ్ము వచ్చింది, చిన్న గిటారు వచ్చింది. నేను బాస్ కోసం ఎదురుచూస్తున్నాను. నాయనమ్మ నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి ప్లేయరు మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి తీసి, పక్కన పెట్టెమీద ఆనించింది. తర్వాత నేలమీద ఆనించింది. పాట అయిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు.

"కోటిగాడు లేడేంటే ఇందులో?" అంది.

బాబాయి లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన ఆ గిటారు మీద చెయ్యి వేయగా మేమెవరం చూడలేదు, బృందమూ అక్కడితో చెదిరిపోయింది. రేపల్లెలో మోటారు పంపులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. శివరావు గారు ఎదురుపడితే తల ఊపేవాడు, మాట కలిపేవాడు కాదు. డ్రమ్ములాయన ద్వారా నాకు తెలిసిందల్లా ఇది: అక్కడి సౌండు ఇంజినీరు నమూనా ప్లేటు తయారుచేసి చౌక ప్లేయరు మీద వేసి చూస్తే, బాస్ గట్టిగా పడ్డచోటల్లా ముల్లు ఎగిరిందట. అందుకని తగ్గించారట. తగ్గించమని ఎవరన్నారో తనకు తెలియదన్నాడు. నాకు తెలుసు అనుకున్నాను. గొంతు ముందుండాలని ఎవరికుంటుంది? గొంతున్నవాడికి. అంతే, ఆ రోజునుంచి శివరావు గారు ఎక్కడ కనిపించినా వదలలేదు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, బంతిభోజనాల్లో. "మా బాబాయిని నొక్కేసి పైకొచ్చారు కదా" అని మొహంమీదే అనేదాన్ని. బాబాయి పక్కనే కూర్చుని, ఆకుకు సున్నం రాసుకుంటూ వినేవాడు. మూడేళ్ళ క్రితం పోయాడు. పోయేదాకా అలాగే విన్నాడు.

పోయిన నెల శివరావు గారు తెచ్చిన సీడీలో ఉన్నది ఆ పాటే. "మా మనవడు కంప్యూటర్లో బాగుచేశాడమ్మా సరోజా. మీ బాబాయి బాస్ కూడా పెంచించాను. నీ కోపం తీరాలని తెచ్చా" అన్నారు. పెట్టాను. మొదటి దెబ్బకే కిటికీ అద్దాలు అదిరాయి. ధన్, ధన్, ధన్. ప్రతి అడుగుకూ ఒక దెబ్బ, గుమ్మం ముందునుంచి పోయే ఊరేగింపు బండిలాగా. లాగడం లేదు, ఆగడం లేదు. ఆ ఆగడంలోనే ఉండేవాడు బాబాయి. రికార్డులోంచి రానిదాన్ని ఏ యంత్రం పెంచుతుంది? ఆ కుర్రాడు కొత్తది అతికించాడు.

"ఇది మా బాబాయిది కాదు."

"బాస్ ఉంది కదమ్మా?"

"ఉందండీ, ఉంటే సరిపోయిందా? అప్పుడు ఉన్నదాన్ని వినపడనివ్వలేదు, ఇప్పుడు లేనిదాన్ని వినిపిస్తన్నారు. కారుల్లో వింటారు, ఛాతీ పగిలేలా వింటారు, ఇదేనా మీ అందరికీ తెలిసిన బాస్? ఆ రోజు మద్రాసులో నొక్కేయకుండా ఉంటే ఇవాళ ఇది అతికించే పనుండేదా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"నేను నొక్కలేదమ్మా. ముల్లు ఎగురుతుంటే కంపెనీవాళ్ళు, ఇది హోటళ్ళలో తిరగాల్సిన ప్లేటండీ, ఇలాగైతే ఈ పాట వద్దన్నారు. నేను ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డా. మీ బాబాయే అన్నాడు, తగ్గించండి అని. ఇంజినీరు కొంచెం తగ్గించాడు. ఇంకా ఎగిరింది. ఇంకా తగ్గించండి అన్నాడు. అనేసి టీ తాగటానికి బయటికెళ్ళాడు."

"మరి సభల్లో ఆ కథెందుకండీ చెప్తారు?"

"మోత పెట్టాడంటే జనం నవ్వుతారమ్మా. తగ్గించమన్నాడంటే ఎవరు నవ్వుతారు?"

నేను నమ్మానా? తెలియదు. డ్రమ్ములాయన లేడు. ఆ ఇంజినీరు ఎవరో, ఎక్కడున్నాడో తెలియదు. ఈయన నోట ఇన్నేళ్ళలో నేను విన్న నిజాలు తక్కువ. కానీ అబద్ధమాడేటప్పుడు ఈయన మొహం ఎంత వెలుగుతుందో సభల్లో చూసినదాన్ని, ఆ రోజు ఆ వెలుగు లేదు. అందుకే నాకు ఆయన మీద కోపం నిలవడం లేదు. అది వెళ్ళి వెళ్ళి చనిపోయిన మనిషి మీద పడుతోంది. పాట బతకాలని తనే తగ్గించమన్నాడా, సరే. ఆ మాట నాతో చెప్పుకోలేకపోయాడా, అదీ సరే, పొగరున్న మనిషి. కానీ పెళ్ళిపందిళ్ళలో, నలుగురి ముందూ, ఆయన తరఫున నేను ఆ శివరావును అన్ని మాటలంటుంటే, పక్కనే కూర్చుని ఆకుకు సున్నం రాసుకుంటూ, ఒక్కసారైనా "ఆగవే సరోజా" అని ఎందుకు అనలేదు?